నలభై అడుగుల రోడ్డులో ఎవరికెంత?

ఇల్లు కొనబోయేవాళ్లు మన దగ్గర ముందు అడిగేది ఫేసింగు, ఆ వెంటనే అడిగేది రోడ్డు వెడల్పు. ‘ముందర ముప్పయ్యా, నలభయ్యా?’ ఆ ఒక్క అంకె మీద గజం ధర వేలల్లో మారిపోతుంది. ఎన్ని అంతస్తులు లేపొచ్చో తేల్చేదీ అదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012లో వచ్చిన భవన నిర్మాణ నిబంధనల ప్రకారం, స్థలం సరిపడా ఉంటే 12 మీటర్ల రోడ్డు మీద, అంటే మన నలభై అడుగుల రోడ్డు మీద, 24 మీటర్ల ఎత్తు దాకా కట్టుకోవచ్చు. కింద షట్టరు పెట్టి కొట్టు తెరిస్తే ఫీజు కూడా ఆ అంకె చూసే వేస్తారు. హైదరాబాద్‌లో జీహెచ్ఎంసీ ఖరారు చేసిన ట్రేడ్ లైసెన్సు పట్టీలో 20 అడుగుల లోపు వీధికి చదరపు అడుగుకు 3 రూపాయలు, 20 నుంచి 30 అడుగుల దాకా 4 రూపాయలు, ముప్పై దాటితే 6 రూపాయలు.

వెడల్పు చూసి ధర కడుతున్నాం, అంతస్తులు ఇస్తున్నాం, ఫీజు వసూలు చేస్తున్నాం. కానీ ఆ నలభై అడుగుల్లో నడిచేవాళ్లకు ఎంత, బండ్లకు ఎంత, తోపుడు బండికి ఎంత, చెట్టుకు ఎంత అని అడిగితే చాలా వీధుల్లో జవాబు ఉండదు. ముందొచ్చినవాడిది ముందు, పెద్ద బండి ఉన్నవాడిది మిగతాది. ఇళ్ల మధ్యకు అంగళ్లు వచ్చి వీధి పాడైందని మనం తరచూ వింటుంటాం. నేను ఒప్పుకోను. అంగళ్లు రావడం వల్ల కాదు, వచ్చాక వీధిని పంచకపోవడం వల్ల పాడైంది.

ఇది లెక్కల్లోనే తేలిపోతుంది కాబట్టి లెక్కల్లోనే చూద్దాం.

2011 జనాభా లెక్కల్లో హైదరాబాద్ జిల్లా విస్తీర్ణం 217 చదరపు కిలోమీటర్లు, జనం 39.43 లక్షలు. చదరపు కిలోమీటరుకు 18 వేల పైచిలుకు. ఇంత చిక్కగా జనం ఉన్నచోట కింద కొట్టు, పైన ఇల్లు, పక్కన క్లినిక్కు, మూలన ట్యూషన్ సెంటరు లేకుండా రోజు గడవదు. పట్టణ ప్రణాళికలో దీన్ని మిశ్రమ వినియోగం అంటారు. 2013–14లో జరిగిన ఆరో ఆర్థిక గణనలో దేశంలో 5.85 కోట్ల సంస్థలు లెక్కకొచ్చాయి. వాటిలో దాదాపు 72 శాతం జీతానికి ఒక్క మనిషినైనా శాశ్వతంగా పెట్టుకోలేనివి. భార్యాభర్తలో, తండ్రీకొడుకులో నడుపుకునే కొట్లు, కుట్టు మిషన్లు, రిపేరు షాపులు అవి. వాటిని ఊరి అవతలి వాణిజ్య సముదాయంలోకి పొమ్మంటే అద్దె కట్టలేక మూతపడతాయి. ఇంటి కిందనే ఉంటే బతుకుతాయి, వీధినీ బతికిస్తాయి.

చిక్కడపల్లిలోనో విజయవాడ సత్యనారాయణపురంలోనో ఒక మామూలు వీధిని ఒక రోజంతా ఊహించుకోండి. ఐదింటికి పాలపాకెట్ల ట్రేలు దిగుతాయి. ఏడింటికి టిఫిన్ బండి చుట్టూ పదిమంది నిలబడి ప్లేట్లు పట్టుకుని తింటుంటారు. ఎనిమిదిన్నరకు స్కూలు ఆటోలు. పదిన్నరకు షట్టర్లు లేస్తాయి, కిరాణా కొట్టు ముందు సరుకు దించే ట్రాలీ ఆటో రోడ్డుకు అడ్డంగా ఆగుతుంది, వెనక నాలుగు హారన్లు మోగుతాయి. మధ్యాహ్నం గ్యాస్ బండి. నాలుగింటికి ట్యూషన్ పిల్లల సైకిళ్లు. ఆరింటికి టిఫిన్ బండి ఉన్నచోటే మిర్చిబజ్జీ బండి వెలుగుతుంది. రాత్రి పదిన్నరకు మందుల షాపు ఒక్కటే తెరిచి ఉంటుంది. ఎవరి సాయమూ లేకుండా వీధి తన గంటలు తానే సర్దుకుంటోంది. అడుగులు సర్దడమే మనం చేయాల్సిన పని.

కొలతలు

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 నాటి పాదచారుల మార్గదర్శకాల్లో ఫుట్‌పాత్ మీద ఏ అడ్డూ లేని నడక దారి కనీసం 1.8 మీటర్లు, అంటే ఆరడుగులు ఉండాలంది. రెండు చక్రాల కుర్చీలు ఎదురైనా పక్కకు తప్పుకోగలిగేంత. తల పైన 2.2 మీటర్ల దాకా బోర్డూ వైరూ తగలకూడదు. అంగళ్లు ఎక్కువున్న వీధిలో నడక దారి 2.5 మీటర్లు, షాపింగ్ వీధుల్లో ఇంకా ఎక్కువ. గట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు. పెద్దవాళ్లు మోకాళ్లు పట్టుకుని ఎక్కాల్సిన ఫుట్‌పాత్‌లు మన దగ్గర ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ఆ ఎత్తు చూసే జనం కిందికి దిగి రోడ్డు మీద నడుస్తారు.

బండ్ల సంగతికొస్తే, రెండు కార్లు నెమ్మదిగా ఎదురెదురుగా తప్పుకోవడానికి 5.5 మీటర్ల దారి చాలు. అంటే పద్దెనిమిది అడుగులు.

ఇప్పుడు నలభై పంచండి. బండ్లకు 18. రెండు వైపులా నడకకు ఆరేసి చొప్పున 12. ఇంకా పది అడుగులు మిగిలాయి. అందులో మూడడుగులు షాపుల మెట్లకు, కరెంటు స్తంభాలకు పోనిద్దాం. చివరికి చేతిలో ఉన్నది ఏడడుగుల పట్టీ ఒకటి, అదీ ఒక్క వైపే. ఆగిన కారుకు ఏడడుగుల వెడల్పు కావాలి. రెండు వైపులా కార్లు నిలిపితే పద్నాలుగు అడుగులు పోతాయి. అవి లేవు. ఉన్నట్టు కనిపిస్తే ఎవరి వాటానో తిన్నట్టు, తొంభై పాళ్లు ఫుట్‌పాత్ వాటానే. మన కాలనీల్లో రెండు వైపులా కార్ల వరుస చూసి ‘రోడ్డు ఇరుకు’ అంటున్నాం. రోడ్డు ఇరుకు కాదు, లెక్క తప్పింది.

ఆ ఏడడుగుల పట్టీ మీదే మొత్తం ఆట నడుస్తుంది. వంద మీటర్ల పొడవు తీసుకోండి. కారుకు ఆరు మీటర్ల చొప్పున పదహారు కార్లు పడతాయి, అంతే. పొద్దున షాపు యజమాని తన కారు పెట్టి రాత్రి తీస్తే ఆ చోటు రోజంతా ఒక్క గిరాకీనీ తీసుకురాదు. అదే వంద మీటర్లలో నలభై మీటర్లు టూవీలర్లకిస్తే నలభై పైచిలుకు బండ్లు పడతాయి. బండికి ఎనిమిది అడుగుల చొప్పున ఇరవై నాలుగు మీటర్లలో పది తోపుడు బండ్లు నిలుస్తాయి. పన్నెండు మీటర్లు సరుకు దించుకోవడానికి వదిలితే రెండు ట్రాలీ ఆటోలు ఆగుతాయి, ఇక రోడ్డుకు అడ్డం పడే పనిలేదు. ఎనిమిది మీటర్లలో నాలుగైదు చెట్లు. మిగతా పదహారు మీటర్లు గేట్లకు, రోడ్డు దాటే చోట్లకు. ఒక్కటి మాత్రం ముందే అనుకోవాలి: ఈ పంపకంలో రోజంతా నిలిపే కారుకు చోటు లేదు. అది ఇంటి సెల్లార్లోకి, స్టిల్టులోకి వెళ్లాలి. ప్లానులో పార్కింగు అని చూపించి అనుమతి తెచ్చుకున్న స్టిల్టులో ఇప్పుడు షట్టర్లు ఉంటే, వీధి తగవు అక్కడ మొదలైనట్టు.

అంగళ్లు మరీ కిక్కిరిసిన వీధైతే నడక దారి రెండు వైపులా ఎనిమిదేసి అడుగులు కావాలి. అప్పుడు రెండు దిశల రాకపోకలు పెడితే మిగిలేది ఆరడుగులే. వన్‌వే చేస్తే బండ్ల దారి పన్నెండు అడుగులకు తగ్గుతుంది, పట్టీకి మళ్లీ చోటొస్తుంది. వన్‌వేలో బండ్లు దూసుకుపోతాయి కాబట్టి ఎత్తైన క్రాసింగులు తప్పవు. ముప్పై అడుగుల వీధిలో వన్‌వే పన్నెండు, నడకకు పన్నెండు పోతే ఆరే మిగులుతాయి. అక్కడ టూవీలర్లు ఏటవాలుగా పెట్టుకోవాలి, కారు ఆపేది లేదు. ఇరవై అడుగుల సందులో ఫుట్‌పాత్ కట్టడమే వృథా. మొత్తం ఒకే మట్టానికి పరిచి, నడిచేవాళ్లదే దారి అని తేల్చి, బండి వస్తే నడక వేగంతో రమ్మనాలి.

తోపుడు బండి ఎంత చోటు తింటోంది?

వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. ఒక ప్రాంత జనాభాలో 2.5 శాతం దాకా వీధి వ్యాపారులకు చోటు చూపాలని దాని కొలమానం. సర్వే చేసి గుర్తింపు పత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించకూడదని కూడా అందులోనే ఉంది. పట్టణ విక్రయ కమిటీలో నూటికి నలభై మంది వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు మహిళలు.

రెండున్నర శాతం అనగానే ‘అమ్మో’ అంటారు. హైదరాబాద్ జిల్లా సాంద్రతనే తీసుకుని చదరపు కిలోమీటరులో 18 వేల మంది అనుకుంటే, 450 బండ్లు. బండికి ఎనిమిది అడుగుల చొప్పున 3,600 అడుగులు. అంటే కిలోమీటరూ వంద మీటర్లు, అదీ ఒక్క వైపు పట్టీ. ఆ చదరపు కిలోమీటరు మొత్తానికి, చట్టం చెప్పిన చిట్టచివరి బండి దాకా చోటిచ్చినా పట్టేది అంతే. అదే పొడవులో కార్లు నిలిపితే 180 పడతాయి. ఒక కాలనీలో నూట ఎనభై కార్లు రోడ్డు మీద ఉంటే ఎవరికీ కనపడవు, నాలుగు వందల యాభై కుటుంబాల కూడు మాత్రం ఆక్రమణగా కనపడుతుంది! ఇది న్యాయం కాదు.

కొట్టుకు ఎంత, కారుకు ఎంత

మన దేశంలో ఈ విషయం మీద పెద్ద గొడవ జరిగింది ఢిల్లీలో. ఇళ్ల ప్రాంతాల్లో వెలిసిన దుకాణాలకు సీళ్లు వేయాలని 2006 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు ఆదేశించింది. నెలల తరబడి బంద్‌లు, ధర్నాలు. సెప్టెంబరులో సీలంపూర్‌లో నిరసన హింసగా మారి ప్రాణాలు పోయాయి. ఆ నెలలోనే ఢిల్లీ ప్రభుత్వం 2,183 వీధుల్లో వాణిజ్యాన్ని గుర్తిస్తూ నోటిఫికేషన్ ఇచ్చింది. 2007 ఫిబ్రవరిలో వెలువడిన మాస్టర్ ప్లాన్ 2021లో మిశ్రమ వినియోగానికి ఏకంగా ఒక అధ్యాయమే పెట్టారు. ప్రాణాలు పోయాక వచ్చిన పుస్తకం అది. ఇతర నగరాలు ఆ ధర కట్టకుండానే చదువుకోవచ్చు.

ఆ అధ్యాయం వీధి వెడల్పుతో మొదలవుతుంది. ఢిల్లీలో ఇ, ఎఫ్, జి అని తరగతి కట్టిన కాలనీల్లో మామూలు ప్లాట్ల వీధి 13.5 మీటర్లుంటేనే మిశ్రమ వినియోగం. పునరావాస కాలనీల్లో 9 మీటర్లు చాలు. పాతనగరంలో, నగరం మింగేసిన పల్లెల్లో 6 మీటర్లు. దానికన్నా సన్నని వీధిలో వ్యాపారం గుర్తింపు పొందితే అది నడిచేవాళ్ల అంగడి వీధే, మోటారు బండ్లు రాకూడదు. ఇక ఇంటి కింద పెట్టుకునే చిన్న కొట్టుకు హద్దు 20 చదరపు మీటర్లు. కూరగాయలు, కిరాణా, మంగలి షాపు, ఇస్త్రీ, దర్జీ, పిండిమర, ఆ రోజుల్లో ఎస్టీడీ బూతు కూడా, పేరుపేరునా జాబితా రాశారు. డాక్టరు, లాయరు, ఆర్కిటెక్టు తమ ఇంట్లోనే సగం దాకా వృత్తికి వాడుకోవచ్చు.

అదే మాస్టర్ ప్లాన్ ఒక కారును ఆరుబయట నిలపడానికి, తిప్పుకునే జాగాతో కలిపి 23 చదరపు మీటర్లు లెక్కేస్తుంది. ఒక కుటుంబాన్ని పోషించే కొట్టు కంటే ఒక కారు నిలిచే చోటు పెద్దది! మిశ్రమ వినియోగం వద్దనేవాళ్లు ఎక్కువగా చెప్పే కారణం రద్దీ. రద్దీని కొలవాలంటే ఈ రెండు అంకెల దగ్గర మొదలుపెట్టాలి.

జపాన్‌లో దీనికి ఇంత పోరాటం లేదు. అక్కడి జోనింగు చట్టం దేశమంతటికీ ఒకటే. అన్నిటికన్నా ప్రశాంతమైన నివాస జోన్‌లో సైతం ఇంట్లో కొట్టు పెట్టుకోవచ్చు, 50 చదరపు మీటర్లు మించకుండా, ఇంటి విస్తీర్ణంలో సగం దాటకుండా. టోక్యో గల్లీల్లో మూలమూలనా కొట్టున్నా చీదర లేకపోవడానికి ఇదొక కారణం. రెండోది, అక్కడ కారు కొనాలంటే నిలిపే చోటు ఉన్నట్టు రుజువు చూపాలి.

అయితే ఇంటి కింద ఏదైనా పెట్టుకోవచ్చని కాదు. ఢిల్లీ జాబితాలో వద్దన్నవీ ఉన్నాయి: గోదాములు, కలప, తుక్కు, అద్దకం, వార్నిష్ పనులు. ఆటోమొబైల్ వర్క్‌షాపులు 30 మీటర్లకు తగ్గని వీధుల మీదే. ఆ హద్దు ఎందుకో హైదరాబాద్ వాళ్లకు చెప్పక్కర్లేదు. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంటు కింద నిల్వ చేసిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని పైనున్న తొమ్మిది మంది చనిపోయారు. పేర్చింది గోదాము, పైన ఉన్నది కాపురాలు. కిరాణా కొట్టునూ రసాయనాల గోదామునూ ఒకే గాటన కట్టి ‘కమర్షియల్’ అని పిలిచే పద్ధతి పోవాలి. మొదటిది వీధికి కావాలి, రెండోది అక్కడ ఉండనే కూడదు.

శబ్దం సంగతీ అలాగే ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో నివాస ప్రాంతానికి పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45. వాణిజ్యానికి 65, 55. మిశ్రమ ప్రాంతమని విడిగా ఒక వరుస లేదు, ఏదో ఒక తరగతిగా అధికారులు ప్రకటించుకోవచ్చని వదిలేశారు. పది డెసిబెళ్ల తేడా అంటే చెవికి దాదాపు రెట్టింపు మోత. పగలు వాణిజ్య హద్దు, రాత్రి పది దాటాక నివాస హద్దు పెట్టి కింద బార్ల, ఫంక్షన్ హాళ్ల గంటలు కడితే పైన పిల్లలు చదువుకుంటారు, ముసలివాళ్లు నిద్రపోతారు. పొద్దున టిఫిన్ బండి, సాయంత్రం బజ్జీల బండి పంచుకున్నట్టే గంటలను పంచడం ఇది.

వేగం

పదడుగుల వెడల్పు దారిలో గంటకు ఎంతమంది వెళ్లగలరో నగర రవాణా నిపుణులు లెక్కగట్టారు. సొంత కార్లకిస్తే 600 నుంచి 1,600 మంది. బస్సులకే కేటాయిస్తే 4,000 నుంచి 8,000. ఫుట్‌పాత్‌గా మారిస్తే 9,000 దాకా. వీధి సామర్థ్యం పెంచాలని ఫుట్‌పాత్ తవ్వి రోడ్డులో కలిపే ప్రతిసారీ జరిగేది సామర్థ్యం తగ్గడమే.

తగ్గేది అదొక్కటే కాదు, భద్రత కూడా. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 32,825 మంది నడిచివెళ్తున్నవాళ్లు. రోజుకు తొంభై మంది. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాలు తీసే ప్రమాదాలు నాలుగు శాతం పెరుగుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కొట్లున్న వీధిలో, స్కూలు పిల్లలు దాటే వీధిలో గంటకు 30 కిలోమీటర్లకు మించి పోవాల్సిన పని ఎవరికీ లేదు. ఆ వేగాన్ని బోర్డు తేదు, పద్దెనిమిది అడుగుల దారి తెస్తుంది. విశాలంగా కనిపిస్తే కాలు యాక్సిలరేటరు మీదికి దానంతటదే పోతుంది.

బార్సిలోనాలో సెర్దా అనే ఇంజనీరు 1859లో గీసిన నగర ప్లాన్ 20 మీటర్ల వీధిలో పది మీటర్లు బండ్లకు, చెరో వైపు ఐదేసి నడకకు ఇచ్చింది. గుర్రపు బగ్గీల కాలంలోనే సగం నడిచేవాళ్లది! కింద కొట్లు, పైన ఇళ్లతో ఆ వీధులు ఇవాళ్టికీ నిండుగా ఉన్నాయి. మన దగ్గరా ప్రయత్నాలు లేకపోలేదు. చెన్నై కార్పొరేషన్ 2014లో తన రవాణా నిధుల్లో కనీసం 60 శాతం నడకకు, సైకిలుకు ఖర్చుపెట్టాలని విధానం రాసుకుంది, 2019లో పాండీ బజార్ ఫుట్‌పాత్‌లు విశాలమయ్యాయి. ఢిల్లీ చాందినీ చౌక్‌లో 1.3 కిలోమీటర్ల మేర పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా మోటారు బండ్లు నిషేధించారు. రాసినంత తేలిగ్గా అమలు కాదు, రోజూ కాపు కాయాలి. కానీ ముందు రాసుకోవాలి కదా.

మీ వార్డులో సీసీ రోడ్డు శాంక్షనైందని ఫ్లెక్సీ కట్టిన రోజున చేయాల్సిన పని ఒకటుంది. ఇంటి ముందు టేపు పెట్టి గోడ నుంచి గోడకు కొలవండి. ర్యాంపులు, మెట్లు, ట్రాన్స్‌ఫార్మరు ఎంత తిన్నాయో విడిగా రాసుకోండి. మీ ఇంటి ర్యాంపు కూడా. ఆ కాగితంతో వార్డు ఇంజనీరు దగ్గరికి వెళ్లి రోడ్డు అడ్డుకోత బొమ్మ చూపించమని అడగండి: నడకకు ఎన్ని అడుగులు, బండ్లకు ఎన్ని, పట్టీ ఏ వైపు, సరుకు ఎక్కడ దించాలి, ఏ గంటల్లో దించాలి, తోపుడు బండ్లకు గీసిన గళ్లు ఎక్కడ. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న ప్రతి నగరంలో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగంలోని 243ఎస్ అధికరణం చెబుతోంది. ఈ ప్రశ్నలు అడగాల్సిన చోటు అదే. ఆ బొమ్మ చేతికి రాకముందు కాంక్రీటు పోయనివ్వకండి. ఒకసారి పోశాక దాన్ని పగలగొట్టించడం ఎవరి తరమూ కాదు.